స్టెతస్కోపూ వినికిడి యంత్రమే

స్టెతస్కోపులో సరిగా వినబడటం లేదని చెప్పిన ప్రతిసారీ నాకు అందే సలహా ఒకటే: “ఇంకాస్త ఖరీదైనది కొనుక్కోరాదూ?” నేను నర్సింగు మూడో సంవత్సరం విద్యార్థినిని, రెండు చెవులకూ వినికిడి కొంత తక్కువ. ఈ సలహాలో సదుద్దేశం ఉంది గాని, శాస్త్రం లేదు.

చెవుడన్నది ఒకే రకం కాదు. చాలామందిలో ముందుగా మందగించేది తారస్థాయి ధ్వనులను వినే శక్తి. గుండె చప్పుళ్ళు మంద్రస్థాయివి. వాటిలో అధికభాగం 200 హెర్ట్జ్‌ల లోపే ఉంటుంది. బీపీ చూసేటప్పుడు వినవలసిన కొరొట్కాఫ్ శబ్దాలూ మంద్రమైనవే. పిల్లికూతలు, ఊపిరితిత్తుల్లోని సన్నని చిటపటలు అంతకంటే పై స్థాయిలో పలుకుతాయి. కనుక గుండెను చక్కగా విన్న చెవే ఊపిరితిత్తుల దగ్గర తడబడవచ్చు. మామూలు ఆడియోగ్రాం సాధారణంగా 250 హెర్ట్జ్‌ల దగ్గర మొదలవుతుంది గనుక గుండె సంగతి అది పూర్తిగా చెప్పదు. పైగా వినికిడి యంత్రాలను మాటలు వినడానికి తయారుచేస్తారు. అంతటి మంద్రధ్వనులను చాలా యంత్రాలు పెద్దగా పెంచవు.

అందుచేత ఎంపిక జరగవలసింది దుకాణంలో కాదు, వార్డులో. అరువు తెచ్చుకున్న స్టెతస్కోపుతోనైనా సరే, అనుభవజ్ఞురాలైన సిస్టరు విన్న రోగినే వెంటనే మనమూ వినాలి. గుండె, ఊపిరితిత్తుల అడుగుభాగం, బీపీ, ఈ మూడింటా ఇద్దరికీ పొత్తు కుదిరితే మామూలుదే చాలు. కుదరకపోతే ధ్వనిని పెంచే ఎలక్ట్రానిక్ స్టెతస్కోపు అవసరం. వినికిడి యంత్రం తీయలేనివారికి హెడ్‌ఫోను ద్వారా వినిపించేవీ, ధ్వని తరంగాన్ని ఫోను తెరపై చూపించేవీ ఉన్నాయి. అయితే అది గుండె చప్పుడుతోపాటు ఫ్యాను రొదనూ, బట్ట రాపిడినీ కూడా పెంచగలదు. కొత్త చప్పుళ్ళకు చెవి అలవాటు పడటానికి కొన్ని వారాలు కేటాయించుకోవాలి.

అసలు అడ్డంకి ధర ఒక్కటే కాదు. “ప్రాక్టికల్ పరీక్షలో అది చెల్లదు, అందరికీ ఒకటే పద్ధతి” అన్నారు మా ఉపాధ్యాయులొకరు. ఈ సమానత్వం నాకు అంగీకారం కాదు. కళ్ళద్దాలు పెట్టుకుని సిరంజిమీది గీతలు చదివే విద్యార్థిని ఎవరూ తప్పుపట్టరు కదా! 1816లో పారిస్‌లో లెన్నెక్ అనే వైద్యుడు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె విన్నది, నేరుగా చెవి ఆనించి వినడం కుదరకనే. అంటే స్టెతస్కోపు పుట్టుకతోనే చెవికి ఊతకర్ర. ఆ ఊత అందరికీ ఉన్నదే. నాకు మరికాస్త పొడుగు కావాలి, అంతే. విద్యాసంస్థలు ఇటువంటి వెసులుబాటు కల్పించాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతూనే ఉంది.

రోగి ప్రాణం మాటేమిటని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని పరికరం వాడి వినే నర్సువల్ల కాదు, వినబడకపోయినా సిగ్గుపడి తల ఊపి, చార్టులో ఒక అంకె వేసే నర్సువల్ల రోగికి ప్రమాదం. తగిన పరికరాన్ని నిషేధించే పరీక్ష తయారుచేసేది ఆ రెండో నర్సునే.