చింతచెట్టు ఖరీదు ఎంత?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో పొలం గట్ల మీద, రోడ్ల పక్కన తాతల నాటి చింతలు, వేపలు, రావులు ఒక్కొక్కటిగా కనుమరుగవుతున్నాయి. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం, మినహాయించిన కొన్ని జాతులు తప్ప, సొంత పట్టా భూమిలోని చెట్టును కొట్టాలన్నా అధికారి అనుమతి ఉండాలి. మరి గొడ్డలి ఎందుకు ఆగడం లేదు?

లెక్క చూస్తే తెలుస్తుంది. సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసే రైతుకు గట్టు మీది చెట్టు నీడ నష్టం. హైదరాబాద్–విజయవాడ రహదారి పక్కన ప్లాట్లు చేసేవారికి అది అడ్డం. కట్టెల వ్యాపారి చెట్టుకింతని బేరమాడి, కోయించి, తరలించే పనంతా తానే చూసుకుంటాడు. ఇటుక బట్టీకి, కోత మిల్లుకు కట్టె కావాలి. అనుమతి కోసం ఆఫీసు చుట్టూ తిరగాలి. పట్టుబడితే కట్టే జరిమానా కట్టె ధర కంటే తక్కువైతే అది శిక్ష కాదు, వ్యాపారంలో ఒక ఖర్చు. డబ్బు కొందరిది, పోయిన నీడ మాత్రం ఊరందరిది.

2025 మార్చిలో సుప్రీంకోర్టు ఈ లెక్కను తిరగేసింది. మథుర–బృందావన్ ప్రాంతంలో అనుమతి లేకుండా నరికిన 454 చెట్లకు, చెట్టుకు లక్ష రూపాయల చొప్పున జరిమానాను ఖాయం చేసింది. ఆ పచ్చదనం తిరిగి రావడానికి కనీసం 100 ఏళ్లు పడుతుందని గుర్తుచేసింది. జరిమానా లాభాన్ని మించితేనే కొట్టించేవాడు వెనకాడతాడు.

అయితే రంపం పట్టిన కూలీని నిందించి మనం చేతులు కడుక్కోలేము. చెట్టు కింద ప్రార్థనతో మొదలైన సంఘాలు మనలో ఎన్నో ఉన్నాయి. మందిరం విస్తరణకనీ, ప్రహరీ గోడకనీ చెట్లు కొట్టించిన సంఘాలూ ఉన్నాయి. పట్టణాన్ని ముట్టడించిన వేళ కూడా ఫలమిచ్చే చెట్లను పాడుచేయవద్దని ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయంలో దేవుడు ఆజ్ఞాపించాడు. యుద్ధానికే లేని మినహాయింపు మన ప్రహరీ గోడకు ఉంటుందా?

సంఘ కాపరులకు, పెద్దలకు మా మనవి ఒకటే. చెట్టు అడ్డమైతే ముందు ప్లాను మార్చి చూడండి. తప్పనిసరైతే అనుమతి తీసుకోండి. కలప కొనేటప్పుడు అది ఎక్కడిదో అడగండి. అక్రమంగా కొడుతుంటే అటవీ శాఖకు తెలపండి. అబ్రాహాము పరదేశిగా ఉన్న బెయేర్షెబాలో చెట్టు నాటి, అక్కడే దేవునికి ప్రార్థన చేశాడు. మనం పుట్టి పెరిగిన నేలలో, ఉన్న చెట్టునైనా నిలుపుకోలేమా?