షట్టరు దించిందెవరు?

తెలుగు లిపిలో ఈమెయిలు చిరునామా ఎందుకు వాడుకలోకి రాలేదని అడిగితే మనవాళ్ళ దగ్గర ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది: "సాంకేతికంగా కుదరదండీ." భాషాభిమానులు ఈ మాటను నిట్టూరుస్తూ అంటారు. కంప్యూటరు చదువులు చదివినవారు తేలిగ్గా చప్పరించేస్తూ అంటారు. ఒకరిది దిగులు, మరొకరిది నిర్లక్ష్యం. మాట మాత్రం ఒక్కటే, అదీ అసత్యమే. సాంకేతికత ఈ విషయంలో అడ్డు తొలగి పదేళ్ళు దాటింది. ఇప్పుడు అడ్డుగా ఉన్నవి మన మెయిలు సర్వర్లలో ఎవరో ఎన్నడో రాసిపెట్టిన, లేదా ఎవరూ పట్టించుకోక వదిలేసిన కొన్ని అమరికలు. వాటిని చూడడానికి ఒక ఆదేశం, మార్చడానికి మరో ఆదేశం ఉన్నాయి. చూడనివారిని, మార్చనివారిని నిలదీయడానికే ఈ నాలుగు మాటలు.

ముందుగా కాలక్రమాన్ని గమనిద్దాం. 1982లో జాన్ పోస్టెల్ ఎస్‌ఎంటీపీ ప్రమాణాన్ని రాసినప్పుడు అందులో చోటు దక్కింది ఏడు బిట్ల ఆస్కీ అక్షరాలకు మాత్రమే. 1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు లిపికి స్థానం లభించింది. 1992లో మైమ్ ప్రమాణం వచ్చి, జాబు లోపలి విషయాన్ని ఏ లిపిలోనైనా పంపే దారి వేసింది. మనం ఈనాడు తెలుగులో ఉత్తరాలు రాసుకోగలుగుతున్నది దాని చలవే. ఇక మిగిలింది కవరు మీది చిరునామా. 2011లో తెలుగు లిపిలోని "భారత్" అనే కొసపేరు అంతర్జాలపు మూలపట్టికకు ఎక్కింది. 2012 ఫిబ్రవరిలో ఐఈటీఎఫ్ వారు 6530, 6531, 6532 సంఖ్యల ప్రమాణ పత్రాలు వెలువరించి, చిరునామాలో '@' గుర్తుకు ముందుండే భాగాన్ని కూడా ఏ లిపిలోనైనా రాసుకోవచ్చని తేల్చారు. ఆ పొడిగింపు పేరు ఎస్‌ఎంటీపీయూటీఎఫ్8. 2014 ఆగస్టులో జీమెయిల్ అటువంటి చిరునామాలతో ఉత్తర ప్రత్యుత్తరాలకు ఒప్పుకుంది. 2015 ఫిబ్రవరిలో పోస్ట్‌ఫిక్స్ 3.0 కూర్పు ఈ సదుపాయంతో విడుదలైంది. అంటే ప్రమాణమూ ఉంది, దాన్ని అమలు చేసే ఉచిత సాఫ్ట్‌వేరూ ఉంది. అయినా మనకు కుదరదట!

మా గుడివాడ ప్రాంతపు రైతుకు ఈ పరిస్థితి విడమరచి చెప్పనక్కరలేదు. మావి కృష్ణా తూర్పు డెల్టా శివారు భూములు. 1850లలో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టారు. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయింది. 2015లో పట్టిసీమ నుంచి గోదావరి నీళ్ళు కూడా వచ్చి కలిశాయి. బ్యారేజీ నిండుగా ఉన్నదన్న వార్త పేపర్లో చదివినంత మాత్రాన శివారు చేలో నారుమడి తడవదు. నీరు అందకపోతే ఇక్కడి రైతు కృష్ణమ్మను తిట్టుకుంటూ కూర్చోడు. కాలువ గట్టు పట్టుకొని ఎగువకు నడుస్తాడు. ఏ తూము దగ్గర షట్టరు దించారో చూస్తాడు, అక్కడి లస్కరును అడుగుతాడు, అప్పటికీ పని జరగకపోతే ఇంజనీరు ఆఫీసు ముందు కూర్చుంటాడు. నీరు "సాంకేతికంగా రాదు" అంటే ఒప్పుకోడు. ఎందుకంటే ప్రతి షట్టరుకూ ఒక చెయ్యి ఉంటుందని అతనికి తెలుసు.

మన భాష విషయంలో మనకు కరవైనది ఈ గట్టు మీద నడిచే అలవాటే.

సరే, నడుద్దాం. సర్వరు పోస్ట్‌ఫిక్స్ అనుకుందాం. దాని అమరికలను చూపించే ఆదేశం పేరు పోస్ట్‌కాన్ఫ్. (ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను గాని, యంత్రం ముందు రోమన్ అక్షరాలే కొట్టాలి. దానికి నాకు అభ్యంతరం లేదు. ఆదేశం యంత్రానిది, చిరునామా మనిషిది. నా వాదమంతా రెండోదాని గురించే.) ఈ ఆదేశానికి 'డి' అనే గుర్తు చేర్చితే సాఫ్ట్‌వేరుతో పుట్టుకగా వచ్చిన విలువలు కనిపిస్తాయి. 'ఎన్' చేర్చితే మీ సర్వరులో ప్రత్యేకంగా రాసిపెట్టిన విలువలు మాత్రమే వస్తాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఆ సర్వరు చరిత్ర తెలిసిపోతుంది. ఎవరు దేనికి భయపడ్డారో, ఎవరు ఎక్కడినుంచి ఏ ముక్క తెచ్చి అతికించారో అన్నీ బయటపడతాయి. సాధారణంగా, చూడడానికి యజమాని హక్కులు కూడా అక్కరలేదు. మార్చడానికే అవి కావాలి. కనుక "నాకు అధికారం లేదు" అనేవారు చూడకపోవడానికి చెప్పదగిన సాకు ఏమీ లేదు.

మనకు కావలసిన అమరిక పేరు 'ఎస్‌ఎంటీపీయూటీఎఫ్8 ఎనేబుల్'. పేరు చెప్పి అడిగితే 'యెస్' అనో 'నో' అనో రావచ్చు. ఒక్కోసారి ఆ రెండూ రాక, ఒక షరతు కనబడుతుంది. 'ఎక్స్' గుర్తు చేర్చి అడిగితే షరతు విడిపోయి అసలు విలువ తేలుతుంది. అసలు కిటుకంతా ఆ షరతులోనే ఉంది. పోస్ట్‌ఫిక్స్ 3.0 నుంచి ఈ అమరిక పుట్టు విలువ 'యెస్'. అయితే పాత కూర్పు నుంచి ఎక్కివచ్చిన సర్వర్లు ఉన్నట్టుండి తేడాగా ప్రవర్తించకుండా 'కంపాటిబిలిటీ లెవెల్' అనే మరో అమరికను పెట్టారు. పాత ఫైలును అలాగే ఉంచి సాఫ్ట్‌వేరును మాత్రమే కొత్తది చేసిన చోట ఆ లెవెల్ సున్నా దగ్గరే ఉండిపోతుంది. సున్నా దగ్గర ఉంటే తెలుగు చిరునామాకు విలువ 'నో'. అటువంటి చిరునామా వచ్చినప్పుడు, పాత విలువనే వాడుతున్నానని సర్వరు తన లాగ్‌లో రాసి మరీ చెబుతుంది. చదివే నాథుడుంటే గదా!

కొన్ని చోట్ల ఇంకో తంతు. సాఫ్ట్‌వేరును కట్టేటప్పుడు ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీని కలపకపోతే, ఈ సదుపాయం కట్టుబడిలో లేదని సర్వరు హెచ్చరిస్తుంది. దానికి అసలు మందు ఆ లైబ్రరీతో కట్టిన కూర్పును తెచ్చుకోవడం. తేలిక మందు అమరికను 'నో' చేసి హెచ్చరిక నోరు మూయించడం. రెండోది అరనిమిషం పని. ఆ అరనిమిషంలో ఒక సంస్థ వాకిట్లో తెలుగుకు ప్రవేశం లేదన్న బోర్డు వెలుస్తుంది. బోర్డు పెట్టినవాడికే ఆ సంగతి తెలియదు.

మార్చడం ఎంత సేపు? ఉన్న ఫైలుకు ఒక నకలు తీసిపెట్టుకుని, 'ఇ' గుర్తుతో కొత్త విలువ రాసి, ఒకసారి తనిఖీ ఆదేశం నడిపి, సర్వరును రీలోడ్ చేయాలి. అయితే ఇదొక్కటే తూము అని నేను మభ్యపెట్టను. జాబును పెట్టెలో వేసే ప్రోగ్రాము, వెబ్‌మెయిలు, ఫారాలలో చిరునామాను సరిచూసే కోడు, అన్నిటికీ ఈ విద్య తెలిసి ఉండాలి. ఏదైనా ఒకటి తెలియనిదైతే జాబు తిరిగి వచ్చేస్తుంది. కాని వచ్చేటప్పుడు ఏ యంత్రం కాదన్నదో కారణంతో సహా రాసుకుని వస్తుంది. అంటే తరవాతి షట్టరు ఎక్కడుందో కూడా తెలిసినట్టే. ఇంతకన్నా స్పష్టంగా మాట్లాడే ప్రభుత్వ కార్యాలయం ఒక్కటి చూపించండి!

ఇక అభ్యంతరాల సంగతి. "తెలుగులో ఒకే పేరును రెండు మూడు విధాలుగా రాస్తారు, గందరగోళం" అనేది మొదటిది. నిజమే, సున్నతో రాసిన పేరూ అనునాసికంతో రాసిన పేరూ యంత్రానికి వేరువేరు. మరి రోమన్ లిపిలో రమ, రామ, రమా ముగ్గురూ ఒకే నాలుగక్షరాల్లో ఇరుక్కున్నప్పుడు ఈ గందరగోళం ఎవరికీ పట్టలేదే? దీనికి మందు కూడా సర్వరులోనే ఉంది. మారుపేర్ల పట్టికలో ఎన్ని రూపాలైనా రాసి అన్నిటినీ ఒకే పెట్టెకు మళ్ళించవచ్చు. పాత రోమన్ చిరునామా పక్కనే తెలుగు చిరునామా ఉంటుంది, పెట్టె ఒక్కటే.

రెండోది, "మన పేర్లు పొడుగు, పట్టవు" అనేది. లెక్క చూద్దాం. '@'కు ముందు భాగానికి ప్రమాణం ఇచ్చిన హద్దు 64 బైట్లు. యూటీఎఫ్8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. 'గుడివాడ'లో గుణింతపు గుర్తులతో కలిపి 7 సంకేతాలు, అంటే 21 బైట్లు. 'వెంకటసుబ్రహ్మణ్యం' 17 సంకేతాలు, 51 బైట్లు. ఇంకా చోటు మిగిలింది. ఇంటిపేరు, తాతగారి పేరు కూడా చేర్చితే పట్టకపోవచ్చు. అంత పేరు రోమన్‌లోనూ ఎవరూ పెట్టుకోవడం లేదు.

మూడోది కాస్త బరువైనది. "మనం తెరిచినా అవతలివాడి సర్వరు తెరవకపోతే జాబు చేరదు గదా." చేరదు, ఒప్పుకుంటాను. అందుకే రోమన్ చిరునామాను పారేయమనడం లేదు. కాని అవతలివాడు తెరిచేదాకా మేం తెరవమని అందరూ అనుకుంటే ఏ కాలువా పారదు. పైగా అవతలివాడు తెరిచాడో లేదో బయటినుంచే తెలుసుకోవచ్చు. 25వ పోర్టు దగ్గర నిలబడి పలకరిస్తే ఏ మెయిలు సర్వరైనా తనకు వచ్చిన విద్యల జాబితా అప్పజెబుతుంది. అందులో ఎస్‌ఎంటీపీయూటీఎఫ్8 ఉంటే తలుపు తీసినట్టు, లేకపోతే వేసినట్టు.

నాలుగోది మరీ నాజూకైనది. "ఈ రోజుల్లో కమాండ్ లైను ఎవరు వాడతారండీ, అన్నీ ప్యానెల్‌లో ఉంటాయి." ప్యానెల్‌లో ఉండేవి దాన్ని తయారుచేసినవాడు పెట్టిన మీటలు. అతనికి తట్టని అమరిక మన దృష్టిలో లేనట్టే లెక్క. అతనికి తెలుగు చిరునామా తట్టే అవకాశం ఎంతో మీరే ఊహించుకోండి. కమాండ్ లైను ముందు కూర్చున్నవాడికి అమరికలన్నీ ఒకే బారున కనిపిస్తాయి. ఆ జాబితాను చదవడం నేర్పకుండా మన ఊళ్ళ ఇంజనీరింగు కళాశాలలు ఏటేటా పట్టాలు పంచుతున్నాయి. సర్వరు అద్దెకు తెచ్చుకున్నదైతే మార్చే హక్కు మనకు ఉండకపోవచ్చు. అడిగే హక్కు ఎక్కడికీ పోలేదు. అద్దె కడుతున్నది మనమే.

"రోమన్ చిరునామాతో ఎవరికి నష్టం?" అని అడిగేవారు గుడివాడలోనో, పామర్రులోనో, అవనిగడ్డలోనో ఏదో ఒక ఇంటర్నెట్ సెంటరు ముందు ఒక పూట నిలబడాలి. తెలుగు చక్కగా చదివి రాయగల రైతు, ఫోనులో తెలుగులోనే కబుర్లు పంపుకునే మనిషి, దరఖాస్తులో ఈమెయిలు గడి రాగానే నిస్సహాయుడవుతాడు. సెంటరు కుర్రాడు ఏదో ఒక చిరునామా సృష్టిస్తాడు, లేకపోతే తనదే వేసేస్తాడు. పాస్‌వర్డు అతని పుస్తకంలో ఉంటుంది. తరవాత వచ్చే సమాచారం, రహస్య సంఖ్య, తిరస్కరణ, గడువు, అన్నీ ఆ పెట్టెకే పోతాయి. తన పేరున వచ్చిన జాబును తాను తెరవలేని అక్షరాస్యుణ్ణి మనం తయారుచేశాం. తెలుగులో చిరునామా రాసిన పోస్టుకార్డు విషయంలో ఈ బాధ ఎన్నడూ లేదు. రాసినవాడికీ, చేరవేసేవాడికీ, అందుకున్నవాడికీ ఆ అక్షరాలు వచ్చు. బందరులో 1902లో పుట్టిన కృష్ణాపత్రిక కాలం నాటికే తపాలాకు ఉన్న ఈ పాటి మర్యాద, ఈనాటి మెయిలు సర్వరుకు లేకుండా పోయింది.

ప్రభుత్వాల సంగతి సరేసరి. 1966లో అధికార భాషా చట్టం చేసుకున్నాం. 2017లో రాజస్థాన్ ప్రభుత్వం తన ప్రజలకు హిందీ లిపిలో ఈమెయిలు చిరునామాలు ఇవ్వడం మొదలుపెట్టింది. 2023 మార్చి 28న అన్ని లిపుల చిరునామాలనూ అన్ని యంత్రాలూ అంగీకరించాలన్న లక్ష్యంతో తొలి అంతర్జాతీయ దినాన్ని ఢిల్లీలోనే జరిపారు. దినాలు జరపడం మంచిదే. దండలు, దీపప్రజ్వలనం అయ్యాక ఒక్కరైనా లేచి, "మన శాఖ సర్వరులో ఆ అమరిక విలువ ఎంత?" అని అడిగితే ఇంకా మంచిది.

కాబట్టి నా కోరిక చిన్నది. సర్వరును నడిపేవారు ఈ వారమే ఆ ఒక్క ఆదేశం కొట్టి, వచ్చిన విలువ చూడండి. 'నో' అని ఉంటే అది ఎందుకు 'నో'గా ఉందో మీ సంస్థకు ఒక పేజీలో రాసివ్వండి. కారణం సరైనదైతే దాన్ని తీర్చే మార్గం కూడా రాయండి. కారణం ఏమీ కనిపించకపోతే మార్చండి. సర్వరుతో సంబంధం లేని సాహిత్యాభిమానులు తమ కళాశాలను, గ్రంథాలయాన్ని, పురపాలక సంఘాన్ని ఇదే ప్రశ్న రాతపూర్వకంగా అడగండి. భాషను గురించిన మన ప్రశ్నలు ఇన్నాళ్ళూ ఎవరికీ తగలకుండా గాలిలో పోయాయి. ఈ ప్రశ్నకు మాత్రం ఫైలు పేరు ఉంది, అందులో ఒక వరుస ఉంది, ఆ వరుసకు ఒక బాధ్యుడున్నాడు. "కుదరదు" అని అతను ఇకమీదట ఊరకే అనలేడు. ఏది కుదరలేదో చూపించవలసి ఉంటుంది.