అంగడి మర్యాద

అంగడి సంఘజీవనానికి అద్దం వంటిది. ఒక ఊరి ప్రజలు పరస్పరం ఎట్లా మెలగుతారో తెలుసుకోవడానికి సభామందిరాలకు పోనవసరం లేదు. సాయంకాలం ఒక కిరాణా దుకాణం ముందు కొంతసేపు నిలబడితే చాలు. పూర్వం పప్పుదినుసులు తూచి పొట్లం కట్టే వర్తకుడు, తూకం సరిపోయిన తరువాత మరొక గుప్పెడు గింజలు త్రాసులో వేసేవాడు. దానిని ‘కొసరు’ అనేవారు. ఆ గింజల విలువ స్వల్పమే. కాని కొన్నవారి రాక తనకు సంతోషకరమనే భావం అందులో ఇమిడి ఉండేది. అంతమాత్రాన ఆనాటి అంగళ్ళన్నీ ధర్మనిలయాలని భావించరాదు. తప్పుడు తూకాలు, కల్తీ సరకులు అప్పుడూ ఉన్నాయి. అయితే మోసపోయినవారు నిలదీయడానికి ఎదుట ఒక మనిషి ఉండేవాడు. నేటి అంగడిలో తప్పు జరిగినప్పుడు ఆ మనిషి కనిపించడు. “కంప్యూటర్‌లో అట్లాగే ఉంది” అనే సమాధానం మాత్రం వినిపిస్తుంది.

హైదరాబాదు నడిబొడ్డున ఉన్న ఆబిడ్స్, బషీర్‌బాగ్, నాంపల్లి ప్రాంతాలు వర్తకానికి పెట్టింది పేరు. పాయెగా ప్రభువు సర్ ఆస్మాన్ జా బిరుదైన ‘బషీరుద్దౌలా’ నుండి బషీర్‌బాగ్‌కు ఆ పేరు వచ్చింది. ఆబిడ్స్‌కు మాత్రం ఏ ప్రభువు పేరూ లేదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అక్కడ ఒక దుకాణం నడిపాడు. ఆ దుకాణం కనుమరుగైనా, ఆ పేరు ఒక పేటకు స్థిరపడి నేటికీ జనుల నాలుకలపై నిలిచి ఉన్నది. ఒక అంగడి పేరు ఊరి పేరుగా మారగలదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. వర్తకుడికి పేరే పెట్టుబడి. ఆ పేరును నిలిపేది సరకు ఎంతో, మర్యాద కూడా అంతే.

ఆ మర్యాద నేడు ఏ స్థితిలో ఉన్నదో తెలుపడానికి బషీర్‌బాగ్‌లోని ఒక పెద్ద కిరాణా దుకాణంలో జరిగిన చిన్న సంఘటన చాలు. అది నెల మొదటి వారం. బిల్లు వేసే చోట వరుస పొడవుగా ఉంది. ఇళ్ళలో పనిచేసుకొని జీవించే ఒక వృద్ధురాలు కిలో కందిపప్పు, కొంత నూనె, ఒక సబ్బు కొన్నది. ఆమెకు చదువు రాదు. పప్పు అరపై అతికించిన ధర చీటీని పక్కనున్న విద్యార్థిని చేత చదివించుకున్నది. చీటీపై 152 రూపాయలని ఉంది. బిల్లులో 168 రూపాయలు పడింది.

“బిడ్డా, అక్కడ నూటయాభై రెండని రాసి ఉంది గదా!” అన్నది వృద్ధురాలు.

“సిస్టంల అట్లనే వస్తుందమ్మా. జల్ది తియ్యి, వెనక లైనుంది. ఫోన్ నంబర్ చెప్పు” అన్నది బిల్లు వేసే అమ్మాయి, తల ఎత్తకుండానే.

ఫోను లేదని ఆమె చెప్పింది. మొత్తం 298 రూపాయలైంది. ఆమె మూడు వందలు ఇచ్చింది. చిల్లర లేదంటూ రెండు రూపాయలకు బదులు రెండు చాక్లెట్లు ఆమె చేతిలో పడ్డాయి. వెనుక ఉన్నవారు విసుగుతో గొణిగారు. ఆమె సంచి తీసుకొని పక్కకు తప్పుకున్నది.

పద్దెనిమిది రూపాయల గురించి ఇంత చర్చ అవసరమా అని కొందరు ప్రశ్నించవచ్చు. కాని ఆ కొద్ది నిమిషాలలో ఆమెకు జరిగిన నష్టం పద్దెనిమిది రూపాయలు మాత్రమే కాదు. ప్రకటించిన ధర ఒకటి, వసూలు చేసినది మరొకటి. అడిగిన ప్రశ్నకు సమాధానం రాలేదు. అక్కరలేని వస్తువు చేతిలో పడింది. అన్నిటికంటె మించి, తన హక్కును అడిగినందుకు పదిమందిలో తానే తప్పు చేసినట్లు తలవంచుకోవలసి వచ్చింది. అంగడిలోని నిర్లక్ష్యం దుర్భాషలాడదు, చేయి చేసుకోదు; అందువల్లనే అది నేరంగా కనిపించదు.

ఈ నిర్లక్ష్యం అందరినీ సమానంగా బాధించదు. చదువుకున్నవారు బిల్లును సరిచూసుకొని, వ్యత్యాసం కనిపిస్తే మేనేజరును పిలిపిస్తారు. 2016లో యు.పి.ఐ. చెల్లింపుల విధానం వచ్చిన తరువాత ఫోను ఉన్నవారికి చిల్లర సమస్య చాలవరకు తీరింది. చదువు లేనివారికి, ఫోను లేనివారికి, వినికిడి తగ్గిన వృద్ధులకు, ఆ ఊరి భాష రాని వలస కూలీలకు ఆ అవకాశం లేదు. నష్టాన్ని భరించే శక్తి ఎవరికి తక్కువో, నష్టం వారి పైననే ఎక్కువగా పడుతున్నది. కాబట్టి అంగడి మర్యాద కేవలం చిరునవ్వుకు సంబంధించిన విషయం కాదు, న్యాయానికి సంబంధించిన విషయం.

ఈ సత్యాన్ని మన ప్రాచీనులు చక్కగా గుర్తించారు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో తూనికలను, కొలతలను పర్యవేక్షించడానికి పౌతవాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు. తూకపు రాళ్ళను నాలుగు నెలలకొకసారి పరీక్షింపజేసి ముద్ర వేయించాలన్న నియమం అందులో కనిపిస్తుంది. కొనుగోలుదారులను వర్తకుల మోసాల నుండి కాపాడడానికి ప్రత్యేకంగా ఒక ప్రకరణమే ఉన్నది. మహాభారతం శాంతిపర్వంలోని తులాధారుని కథ ఇంకొక మెట్టు పైకి పోతుంది. జాజలి అనే తపస్వి కదలక మెదలక తపస్సు చేయగా అతని జటలలో పక్షులు గూడు కట్టుకున్నాయి. తనంత ధర్మాత్ముడు లేడని అతడు గర్వించాడు. అప్పుడు వారణాసిలోని తులాధారునితో అతడు సాటిరాడని ఆకాశవాణి పలికింది. తులాధారుడు ఋషి కాడు, రాజు కాడు. మూలికలు, సుగంధద్రవ్యాలు అమ్ముకొనే వర్తకుడు. తన త్రాసు ప్రాణులందరి యెడల సమంగా ఉండడమే అతడు పాటించిన ధర్మం. జాజలి అడవిని విడిచి అంగడికి వచ్చి ధర్మం నేర్చుకున్నాడు. త్రాసు సమంగా ఉండడమంటే తూకం సరిపోవడం ఒక్కటే కాదు. ధనికునికి ఇచ్చిన సమాధానాన్నే పేదకు కూడా అంతే ఓర్పుతో ఇవ్వడం.

ఆధునిక కాలంలో ఈ ధర్మమే చట్టరూపం దాల్చింది. 1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు కెనడీ ఆ దేశపు కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో వినియోగదారుల హక్కులను పేర్కొన్నాడు. అందువల్ల మార్చి 15 ప్రపంచ వినియోగదారుల హక్కుల దినమైంది. మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం 1986 డిసెంబరు 24న రాష్ట్రపతి ఆమోదం పొందింది. ఆ తేదీని జాతీయ వినియోగదారుల దినంగా జరుపుకొంటున్నారు. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై నుండి అమలులోకి వచ్చింది. వస్తువు నాణ్యతను, పరిమాణాన్ని, ధరను తెలుసుకొనే హక్కు, ఫిర్యాదు వినిపించుకొనే హక్కు, నష్టపరిహారం పొందే హక్కు అందులో ముఖ్యమైనవి. బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా ఆ చట్టం అనుచిత వాణిజ్య విధానాలలో చేర్చింది. ముందుగా తెలియజేయకుండా, డబ్బు చెల్లించే సమయంలో సంచికి విడిగా వెల కట్టడం అనుచితమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020లో తీర్పు చెప్పింది. బిల్లు వేయడానికి ఫోన్ నంబరు ఇవ్వాలని పట్టుబట్టరాదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లో వర్తకులకు సూచించింది. బషీర్‌బాగ్ వృద్ధురాలి పట్ల జరిగిన వాటిలో ఏదీ చట్టం దృష్టికి రాని విషయం కాదు.

అయితే దోషమంతా బిల్లు వేసే అమ్మాయిపై మోపడం కూడా అన్యాయమే. ఆమె ఉదయం నుండి నిలువుకాళ్ళపై ఉన్నది. ముగ్గురు చేయవలసిన పనిని ఒక్కతే చేస్తున్నది. ధరను నిర్ణయించినది ఆమె కాదు, చీటీ మార్చవలసినది ఆమె కాదు, గల్లాలో చిల్లర లేకపోవడం ఆమె తప్పు కాదు. కేరళలో, ముఖ్యంగా కోళికోడ్‌లో, దుకాణాలలో పనిచేసే స్త్రీలు పని వేళలలో కూర్చొనే అవకాశం కోసం ఏళ్ళ తరబడి ఉద్యమించవలసి వచ్చింది. ఆ రాష్ట్రం 2018లోను, తమిళనాడు 2021లోను చట్ట సవరణ ద్వారా వారికి కూర్చొనే హక్కును కల్పించాయి. కూర్చోవడానికి ఒక పీట కోసం చట్టం చేయవలసి రావడాన్ని బట్టి, అమ్మేవారి స్థితి ఎట్లా ఉన్నదో ఊహించవచ్చు. తనకు దక్కని మన్ననను ఇతరులకు పంచడం ఎవరికైనా కష్టమే.

కావున మొదటి బాధ్యత యజమానులది. తగినంతమంది సిబ్బందిని నియమించడం, వారికి విశ్రాంతి కల్పించడం, ధర మారిన రోజే అరపై చీటీని మార్చడం, ఉదయమే గల్లాలో చిల్లర సిద్ధం చేయడం గొప్ప సంస్కరణలేమీ కావు. గోడపై దేవుని పటం, దానికి పూలమాల ఉన్న అంగడిలో ఫిర్యాదు వినడానికి ఒక మనిషి కూడా ఉండాలి. రెండవ బాధ్యత కొనుగోలుదారులది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్న సామెత ఇరుపక్షాలకూ వర్తిస్తుంది. అమ్మేవారిని ఏకవచనంతో పిలిచి, చిటికెలు వేసి, సరకును విసిరి, మర్యాద కోరడం తగదు. అట్లాగని మర్యాద పేరుతో మౌనం వహించడం కూడా సరికాదు. బిల్లు అడగాలి. పొట్లంపై నికర తూకాన్ని, గరిష్ఠ చిల్లర ధరను, తయారైన నెలను చూడాలి. తప్పు ఉంటే మెల్లగా, స్పష్టంగా చెప్పాలి.

దుకాణంలో న్యాయం దొరకనప్పుడు జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చు. అక్కడా ఫలితం లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన మూల్యం అయిదు లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు; రెండేళ్ళ గడువు ఉంటుంది. పదహారు రూపాయల కోసం కమిషన్ మెట్లెక్కేవారు అరుదు. కాని ఆ దారి ఉన్నదని తెలిసినవారి మాటకు బలం ఉంటుంది. ఆ ఎరుకను తెలియనివారికి పంచడం చదువుకున్నవారి ధర్మం.

ఆ సాయంకాలం బషీర్‌బాగ్ దుకాణంలో ఆ ధర్మాన్ని నిర్వర్తించినది చీటీ చదివి చెప్పిన విద్యార్థినియే. ఆమె వరుసలో నుండి వచ్చి, “అక్కా, చీటీ నేనే చదివాను. ఒక్కసారి చూద్దాం రండి, అవ్వకు పదహారు రూపాయలు ఎక్కువ పడ్డాయి” అన్నది. గొంతులో కోపం లేదు. బిల్లు వేసే అమ్మాయి మొదటిసారిగా తల ఎత్తింది. మేనేజరు వచ్చి చూశాడు. ధర ముందురోజే మారింది, చీటీ మాత్రం మారలేదు. చీటీపై ఉన్న ధరకే పప్పు ఇప్పించి, పదహారు రూపాయలు తిరిగి ఇచ్చారు. ఎక్కడి నుండో రెండు రూపాయల నాణెం కూడా వచ్చింది. “ఏమనుకోకమ్మా, పొద్దటి నుంచి ఒక్కదాన్నే ఉన్న” అన్నది ఆ అమ్మాయి. “పోనీలే బిడ్డా” అని వృద్ధురాలు చాక్లెట్లు రెండూ ఆమె ముందు పెట్టింది. ఇదంతా జరగడానికి పట్టిన కాలం మూడు నిమిషాలు.

అందరూ పని ముగిసిందనుకున్నారు. విద్యార్థిని మాత్రం కదలలేదు.

“సార్, ఆ చీటీ కూడా మార్చండి” అన్నది.

అసలు విషయం ఆ మాటలోనే ఉన్నది. వృద్ధురాలికి పదహారు రూపాయలు తిరిగి ఇవ్వడంతో ఒక్కరి నష్టం తీరింది. పాత చీటీ అరపై అట్లాగే ఉంటే, ఆమె తరువాత వచ్చే చదువురాని వారందరూ మోసపోతూనే ఉంటారు. వారికోసం అడిగేవారు ప్రతిసారీ వరుసలో ఉండరు. తన నష్టానికి ప్రతిఫలం పొందడం వినియోగదారు హక్కు. తన వెనుక వచ్చేవారికి ఆ నష్టం కలుగకుండా చూడడం పౌరధర్మం. ఆ సాయంకాలం వరుసలో ఉన్నవారు విసుగు మాని, మేనేజరు కొత్త చీటీ అతికించేవరకు నిలబడి చూశారు.