గోడల మాటున సాగు పరీక్ష

హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదము జీర్ణోద్ధరణానంతరము ప్రదర్శనశాలయై 2010లో యునెస్కో పురస్కారమునందినప్పుడు, ఖిల్వత్ మందిరమున వ్రేలాడు 19 స్ఫటిక దీపగుచ్ఛములను లోకము కన్నులార చూచి మెచ్చినది; కాని ఇట్టి భవనములలో గోడల మాటున సాగు విద్యుత్తు తీగలను, వాననీటి గొట్టములను, పొగను పసిగట్టు పరికరములను తలచువారు అరుదు.

సున్నపు గార చెమ్మను పీల్చును, విడుచును. ఏసీని పగలు నడిపి రాత్రి ఆపివేసినచో ఆ చెమ్మ యొడుదొడుకులకు ప్రాచీనమైన కొయ్య బీటలు వారును, గారలోని లవణములు పైకుబికి దాని నునుపును చెరచును. కావున జీర్ణోద్ధరించిన భవనమును తెరచుటకు ముందు ఒక్కొక్క యంత్రమును విడివిడిగా చూచుట చాలదు; కావలెననియే విద్యుత్తును నిలిపి జనరేటరు నడచునో లేదో, పొగ సోకిన తత్క్షణమే గంట మ్రోగి గాలియంత్రములు ఆగునో లేదో, సమస్తమును కలిపి పరీక్షింపవలయును.

వైశాఖపు వడగాడ్పును, శ్రావణపు ముసురును ఒక్క యేటనే యనుభవించు ఏన్కూరు అడవి యంచువారమగు మాకు, ఒకే ఋతువున జరిపిన పరీక్ష యెంత యసంపూర్ణమో వేరుగా చెప్పనక్కరలేదు. జీర్ణోద్ధరణ జరిపిన గుత్తేదారునకు తుది బిల్లు చెల్లించుటకు పూర్వమే గ్రీష్మ వర్షర్తువులు రెంటి ఫలితములను ప్రభుత్వము కోరవలయుననియు, ఆ భవనపు ఎలక్ట్రీషియనునకు, కావలివానికి తెలుగున వ్రాసిన సూచనల పుస్తకము నప్పగింపవలయుననియు నా దృఢాభిప్రాయము. ప్రారంభోత్సవపు తేదీ కొరకు ఈ పరీక్షాకాలమును కుదించుట మాత్రము ఎన్నటికిని సమ్మతింపదగినది కాదు.