సంపాదకుని మాట: వేమన ఉపన్యాసాలకు పరిష్కృత ప్రతి

తెలుగు వ్యాసకర్తల్లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979)ది ప్రత్యేక స్థానం. ఆంధ్ర విశ్వవిద్యాలయం కోరగా ఆయన 1928లో అనంతపురంలో వేమనపై ఉపన్యాసాలిచ్చారు. అవి మరుసటి ఏడాది ‘వేమన’ పేరుతో పుస్తకమయ్యాయి. వాటిలో శర్మగారు కవిని పరిశీలించారు. కట్టుకథలను పక్కనపెట్టి, పద్యాల్లోంచే మనిషిని వెతికారు.

ఇలాంటి గ్రంథానికి పరిష్కృత ప్రతి అంటే అచ్చుతప్పులు దిద్దడం మాత్రమే కాదు. తొలి ముద్రణను తర్వాతి ముద్రణలతో పోల్చాలి. ఉదాహరించిన ప్రతి పద్యానికీ మూలం చూపాలి. వేమన విషయంలో ఇది కష్టమైన పని. పద్యాలు నోటినుంచి నోటికి, తాటాకునుంచి తాటాకుకు మారుతూ వచ్చాయి. సి.పి. బ్రౌన్ వ్రాతప్రతులు సేకరించి 1829లో ఒక సంకలనం, 1839లో మరింత పెద్దది అచ్చువేయించాడు. తర్వాత పరిశోధకుడు బంగోరె బ్రౌన్ కృషిని వెలికితీశారు. ఎన్. గోపి పారిస్‌లోని వ్రాతప్రతిని ప్రచురించారు. ఈ చివరి రెండూ 1928లో శర్మగారి ముందు లేవు. అందువల్ల ఆయన నిర్ణయాల్లో ఏవి నిలుస్తాయో, ఏవి సవరించాలో అధోజ్ఞాపికలు చెప్పాలి.

ఏ ఊరి బడిలోనైనా పిల్లలు మొదట నేర్చే పద్యాల్లో వేమనవి ఉంటాయి. ఆ కవిపై వచ్చిన తొలితరం విమర్శ నమ్మదగిన పాఠంతో అందరికీ అందాలి. పాత ముద్రణలు దాచుకున్న పాఠకులు, గ్రంథాలయాలు వాటిని పరిశోధకులకు అందుబాటులో ఉంచాలి.