ఇనుము, గుండె: వ్యాసకర్తకు ప్రత్యుత్తరము

సంపాదకులకు,

దేహమందలి ఇనుపనిల్వలు హృద్రోగహేతువులని మీ వ్యాసకర్త వ్రాసినది చదివితిని. ఋతుస్రావముచే ఇనుము తగ్గుటవలననే ముట్లుడగని స్త్రీలకు గుండెజబ్బు పురుషులకన్న తక్కువని 1981లో సల్లివన్ అను వైద్యుడూహించుటయు, రక్తమున ఇనుపనిల్వలను సూచించు ఫెరిటిన్ లీటరుకు 200 మైక్రోగ్రాములు, ఆపైన గల పురుషులకు గుండెపోటు ముప్పు రెండింతలు మించెనని 1992లో ఫిన్లండు పరిశోధకులు ప్రకటించుటయు నిజమే. కాని కాళ్ల ధమనులు పూడిన 1277 మందిపై జరిపి 2007లో ప్రకటించిన అమెరికా పరీక్షలో, రక్తము తీసి ఇనుము తగ్గించినను మరణములు చెప్పుకోదగినంత తగ్గలేదన్న సంగతిని మీ వ్యాసకర్త యేల విడిచిరో!

బైలడిలా ఇనుపకొండలున్న ఈ సీమలోనే, క్రిందిరెప్ప దించి చూచినచో రక్తహీనతచే ఎరుపే కానరాని గర్భిణులు మా ఆవపల్లి సంతలో ఎదురగుచుందురు. సికిల్ సెల్ అను రక్తవ్యాధి గలవారు వైద్యుని అడిగియే వాడవలెను గాని, తక్కిన తల్లులు ఆ వ్యాసము చదివి ఐరన్ మాత్రలు మానరాదని వచ్చు సంచికలో ప్రకటింప ప్రార్థన.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఆవపల్లి (బస్తరు)