నీళ్లు తాగమంటే సరిపోదు

ఎండలు ముదిరితే గర్భిణులకు అందరూ చెప్పే సలహా ఒకటే: నీళ్లు బాగా తాగండి, ఎండలోకి వెళ్లకండి. సలహా మంచిదే. కానీ రోడ్డు పక్కన కూరగాయలు అమ్మే మహిళ, ఇటుకలు మోసే కూలీ దాన్ని పాటించేదెలా? దగ్గర్లో మరుగుదొడ్డి లేక, కావాలనే నీళ్లు తగ్గించుకునేవారు ఎందరో!

గర్భంతో ఉన్నప్పుడు శరీరంలో పుట్టే వేడి ఎక్కువ. దాన్ని బయటకు పంపేందుకు రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమట పోస్తుంది. ఒంట్లో నీరు తగ్గితే మాయ ద్వారా బిడ్డకు అందే రక్తమూ తగ్గొచ్చు. మూత్ర ఇన్‌ఫెక్షన్లు, 37 వారాలు నిండకముందే నొప్పుల ముప్పు పెరుగుతాయి. ఉష్ణోగ్రత 1 డిగ్రీ పెరిగితే నెలలు నిండని కాన్పులకు అవకాశం సుమారు 5 శాతం, వడగాలుల రోజుల్లో 16 శాతం పెరుగుతోందని 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష తేల్చింది. తమిళనాడులో 800 మంది గర్భిణులపై జరిపిన అధ్యయనంలో, తీవ్రమైన వేడిలో పనిచేసేవారికి గర్భం నిలవకపోయే ముప్పు దాదాపు రెట్టింపని తేలింది.

నగరంలో ఈ వేడి పొద్దుగూకినా వదలదు. పగలంతా కాగిన కాంక్రీటు, తారు రోడ్లు రాత్రి సెగలు కక్కుతాయి. రేకుల ఇంట్లో ఒకే గదిలో పడుకునే గర్భిణి ఒంటికి చల్లబడే వ్యవధే దొరకదు. తెలంగాణ 2023లోనే కూల్ రూఫ్ విధానం తెచ్చింది. పైకప్పుకు తెల్లటి పూత వేస్తే ఇంట్లో వేడి తగ్గుతుంది. ఆ పూత ముందు చేరాల్సింది ఇలాంటి ఇళ్లకే.

26 వారాల ప్రసూతి సెలవు సంఘటిత రంగంలోని వారికే దక్కుతోంది. ఎండలో నిలబడేవారిలో అత్యధికులు దాని పరిధిలో లేరు. కనీసం వేసవిలో వారి పనివేళలైనా మార్చాలి. మార్కెట్లు, కూలీల అడ్డాల వద్ద మరుగుదొడ్లు, నీడ, తాగునీరు ఉండాలి. బస్తీ దవాఖానాల్లో గర్భిణుల పరీక్షలు ఎండ ఎక్కకముందే ముగియాలి. వడగాలుల హెచ్చరిక ఆశా కార్యకర్త ద్వారా ప్రతి గర్భిణికీ అందాలి.

ఇంటివాళ్లూ గమనించాలి. మూత్రం ముదురు పసుపు రంగులోకి మారితే నీళ్లు చాలడం లేదని అర్థం. కళ్లు తిరగడం, జ్వరం, పొత్తికడుపులో నొప్పి, రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం... వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీ ఇంట్లో, మీ దుకాణంలో గర్భిణి పనిచేస్తుంటే మధ్యాహ్నం విశ్రాంతినివ్వండి. మీ మరుగుదొడ్డి వాడుకోనివ్వండి. అప్పుడే నీళ్లు తాగమనే మాటకు విలువ.